పాత వాన రిజిస్టర్లు: ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

హార్డ్‌డిస్క్ చేతికొచ్చింది. నిజాం కాలంలో తాలూకా ఆఫీసుల్లో రాసిపెట్టిన వానకొలత రిజిస్టర్ల బొమ్మలు. కొన్ని స్కానర్ మీద పెట్టి తీసినవి, కొన్ని ఎవరో ఫోన్‌తో తీసినవి. ఒక పేజీలో ఫోటో తీసినాయన బొటనవేలు కూడా పడింది. పడితే పడింది, సరిగ్గా వానాకాలం నెలల మీదే పడాలా?

పని సంగతి క్లుప్తంగా. హైదరాబాద్‌లో మాదొక చిన్న బృందం. అడిస్ అబాబాలో మాలాంటిదే ఇంకొకటి. జర్మనీలో ఒక యూనివర్సిటీ వాతావరణ గ్రూపు. మా దగ్గరా ఇథియోపియా వాళ్ల దగ్గరా కాగితాలున్నాయి, జర్మనీ వాళ్ల దగ్గర సర్వర్లూ సాఫ్ట్‌వేరూ ఉన్నాయి. పాత వాన లెక్కల్ని అంకెలుగా ఎక్కించి, ఏ దేశంలో ఎవరు తెరిచినా అర్థమయ్యేలా ఒకే ఫార్మాట్‌లో బయట పెట్టాలి.

ఎందుకూ అని మా ఇంట్లోవాళ్లే అడుగుతారు, ఉపగ్రహాలున్నాయి కదా అని. ఉన్నాయి, కానీ వందేళ్ల కిందట లేవు. పాత వాతావరణాన్ని కంప్యూటర్లో మళ్లీ కట్టే రీఎనాలిసిస్‌లలో ఎక్కువ మంది వాడే యూరప్ వాళ్ల ఈఆర్ఏ5 కూడా 1940 నుంచే మొదలవుతుంది. అంతకన్నా వెనక్కి పోవాలంటే ‘ట్వెంటియత్ సెంచరీ రీఎనాలిసిస్’ ఉంది, దాని మూడో వెర్షన్ 1836 దాకా పోతుంది. కాకపోతే అది గాలి నుంచి తీసుకునే కొలత ఒక్కటే: నేలమట్టం దగ్గరి పీడనం. వాన అంతా మోడల్ లెక్కగట్టి చెప్పేదే. ఫలానా ఏడాది దక్కన్‌లో అది చెప్పినంత వాన నిజంగా పడిందా అంటే తేల్చాల్సింది ఈ రిజిస్టర్లే. మోడల్‌లోకి పోని కొలత కాబట్టే దానికి సాక్ష్యం విలువ.

జూన్ చివర

పేజీ ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే తర్వాత రాసేదేదీ తలకెక్కదు.

పక్కన తేదీలు, పైన నెలలు. ఆజుర్, దై, బహ్మన్ అంటూ మొదలై మెహెర్, ఆబాన్ దాకా పన్నెండు ఫసలీ నెలలు (ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం). అంతా ఉర్దూ. గడికి రెండు అంకెలు: ఇంచీలు, సెంట్లు. ఇంచీలో నూరో వంతును వానకొలతల్లో సెంటు అంటారు. 52 సెంట్లంటే 13.2 మిల్లీమీటర్లు. ఈ సెంట్ల లెక్క ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మన వాతావరణ శాఖ ‘వాన పడిన రోజు’ అనాలంటే 2.5 మిల్లీమీటర్లు పడాలి. అంత వంకర అంకె ఎందుకంటే, అది పాతకాలపు పది సెంట్లు.

మా ఇంటర్న్ అమ్మాయి మొదటి రోజే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాల్ని చదివే సాఫ్ట్‌వేరు, ఆడించి చూసింది. అచ్చు అక్షరాలకు పనికొచ్చే సాఫ్ట్‌వేరు శికస్తా అనే గొలుసుకట్టు చేతిరాత ముందు చేతులెత్తేసింది. అంచేత పాత పద్ధతే పెట్టుకున్నాం. ఇద్దరు వేర్వేరుగా టైపు చేస్తారు, తేడా వచ్చిన గడులు మాత్రం మూడో మనిషి చూస్తారు. మా మూడో మనిషి మొగల్‌పురాలో ఉండే రిటైర్డ్ ఉర్దూ టీచరు గారు. అందరం సాబ్ అనే పిలుస్తాం.

అసలు తగువంతా చుక్క దగ్గర. ఉర్దూ అంకెల్లో సున్నా అంటే చుక్కే. వాన పడని రోజు గుమాస్తా ఒక చుక్క పెట్టి వదిలేశాడు. బాగానే ఉంది. మరి గడి ఖాళీగా ఉంటే? వాన పడలేదనా, ఆ రోజు కొలవలేదనా? చుక్క లేత రంగులో ఉంటే అది సున్నానా, వెనక పేజీ నుంచి ఊరిన సిరానా?

సాబ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. “చూడమ్మా, కలంతో చుక్క పెడితే ఒక పక్క చిన్న తోక వస్తుంది. పేజీ వెనక నుంచి ఊరిన దానికి తోక ఉండదు, గుండ్రంగా ఉంటుంది.”

“అన్ని చుక్కలూ ఇట్లనే చూడాల్నా సాబ్?” అంది ఇంటర్న్ అమ్మాయి.

“అనుమానం వచ్చినవి చూడు, చాలు. గుమాస్తా ఏమీ దొంగ కాదు గదా.”

తోకలేని చుక్కలున్న గడులకు మేం సున్నా వెయ్యడం లేదు, కొలత లేదని రాస్తున్నాం. ఎండాకాలంలో అయితే ఏదైనా ఒకటే అనిపిస్తుంది. వానాకాలం మధ్యలో అట్లా వరసగా నాలుగు గడులుంటే మాత్రం, వాటిని సున్నాలనుకున్నవాడికి కరువు కనిపిస్తుంది, కొలవలేదనుకున్నవాడికి గుమాస్తా సెలవు కనిపిస్తుంది. కరువుల చరిత్ర రాసేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

జూలై, మొదటి వారం

ఫసలీ లెక్క. రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఫసలీ కొత్త కాదు. పహాణీల మీద ఇప్పటికీ కనిపిస్తుంది, ఏడాది జూలై 1న మొదలవుతుంది. అది మద్రాసు ప్రెసిడెన్సీలో పాతుకుపోయిన పద్ధతి. నిజాం సర్కారు ఫసలీ వేరు. అందులో ఏడాది ఆజుర్‌తో, అంటే అక్టోబరు మొదట్లో మొదలవుతుంది. ఏడాది అంకెకు 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. 1317 ఫసలీ అంటే 1907 అక్టోబరు నుంచి 1908 అక్టోబరు దాకా. మూసీ వరద వచ్చిన 1908 సెప్టెంబరు 28 ఆ లెక్కలో చివరి నెల ఆబాన్‌లో పడుతుంది.

సరిహద్దు తాలూకాల కట్టల్లో రెండు రకాలూ కలిసిపోయాయి. ఏడాది నంబరు ఒకటే, మొదలయ్యే నెల మాత్రం మూడు నెలలు అటూ ఇటూ. నైరుతి రుతుపవనంలో జూన్ తప్ప మిగతాదంతా ఒక ఫసలీలోంచి ఇంకో ఫసలీలోకి దూకేస్తుంది. కాబట్టి ప్రతి కట్టకూ ముందు ఏ ఫసలీయో తేల్చి, ఆధారం ఏమిటో రాసి, ఆ తర్వాతే టైపింగ్‌కు ఇస్తున్నాం. నెల పేర్లుంటే సులువు, ఆజుర్ కనిపిస్తే నిజాం లెక్కే. పేర్లు చిరిగిపోయిన పేజీల్లో వాన ఎక్కువ పడిన నెలలు ఎక్కడున్నాయో చూస్తాం. అది ఆధారం కాదు, అనుమానం మాత్రమే. అట్లాంటి వాటికి ఫ్లాగ్, అంటే అనుమానపు గుర్తు, వేస్తున్నాం.

జూలై, చివరి వారం

ఈ వారం కాల్ బాగా నవ్వించింది. అడిస్ అబాబా వాళ్లు పంపిన మొదటి ఫైలులో కొలిచిన సమయం 2:00 అని ఉంది. జర్మనీలో డేటా చూసుకునేవాడు బుద్ధిమంతుడు, అది తెల్లవారుజామున 2 గంటలే అనుకొని, ఎవరు లేచి కొలిచారబ్బా అని అడిగాడు. ఇథియోపియాలో గంటల లెక్క పొద్దు పొడవడంతో మొదలవుతుంది. వాళ్ల 2 అంటే మన 8. అంటే మన తాలూకా గుమాస్తా వాన కొలిచే గేజీ దగ్గరికి వెళ్లే వేళకే అక్కడి గుమాస్తా కూడా వెళ్లేవాడు. వాళ్ల క్యాలెండరుకు పదమూడు నెలలు, పదమూడోది పాగుమే, అయిదారు రోజుల నెల. ఏడాది మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. మా ఫసలీ గోల చెప్పడానికి సిగ్గుపడుతూ కూర్చున్నవాళ్లం, వాళ్లది విన్నాక ధైర్యంగా చెప్పాం. క్యాలెండర్ మార్చే కోడ్ రెండు బృందాలకూ ఒకటే పెట్టుకోవాలని అక్కడికక్కడే అనుకున్నాం.

ఫార్మాట్ సంగతి కూడా తేలింది. స్టేషన్ ఎక్స్‌ఛేంజ్ ఫార్మాట్. యూరప్ కోపర్నికస్ కార్యక్రమం కింద పాత డేటాను బతికించే పనికోసం స్విట్జర్లాండ్‌లోని బెర్న్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది. చూస్తే ఏమీ ఉండదు, మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. పైన కొన్ని వరసల్లో స్టేషన్ పేరు, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఎక్కడినుంచి తెచ్చాం, ఏం కొలిచారు, ఏ యూనిట్. కింద ఒక్కో కొలతకు ఒక్కో వరస: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, ఎంతసేపటి కొలత, విలువ, చివర మెటా అనే ఒక గడి. నాకు ఆ చివరి గడి మీదే ప్రేమ. 13.2 అని రాసి, పక్కన అసలు ‘0 ఇంచీ 52 సెంట్లు’ అని ఉంచుకోవచ్చు. రేపెవరికైనా మన గుణకారం మీద అనుమానం వస్తే వాళ్లే చూసుకుంటారు.

గంట, నిమిషం మాత్రం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక కాలంలో రాయాలి. రిజిస్టర్‌లో పొద్దున 8 అని ఉంది. ఏ 8? హైదరాబాద్ రేఖాంశం 78.5 డిగ్రీలు, అంటే సొంత స్థానిక కాలం యూటీసీ కన్నా 5 గంటల 14 నిమిషాలు ముందు. ఆ లెక్కన 8 అంటే 2:46 యూటీసీ. 1906లో వచ్చిన భారత ప్రామాణిక కాలం ప్రకారమైతే 2:30. రోజువారీ వానకు ఈ పదహారు నిమిషాలు ఒక లెక్కే కాదు, అయినా కాల్‌లో సగం సేపు దీని మీదే గడిచింది. చివరికి 1906 ముందువాటికి స్థానిక కాలం, తర్వాతవాటికి ప్రామాణిక కాలం వేసి, ఇది మా ఊహ అని మెటా గడిలో రాయాలని తేల్చాం.

ఆగస్టు, రెండో వారం

పాత డేటాను ఎక్కించే మా ప్రోగ్రాముల గొలుసు సరిగ్గా పనిచేస్తుందా లేదా అని ఇప్పటి డేటాతో పరీక్ష పెట్టాం. దేశాన్ని గడులుగా విడగొట్టి ఇచ్చే వాతావరణ శాఖ గ్రిడ్ వాన ఒకవైపు, ఉపగ్రహాల నుంచి నాసా కట్టే వాన లెక్క ఐమెర్గ్ ఇంకోవైపు.

వాతావరణ శాఖ 0.25 డిగ్రీల గ్రిడ్ పుణె వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, 1901 నుంచి రోజువారీగా. ఇంత పాత, ఇంత పెద్ద వాన రికార్డును ఇచ్చిన దేశాలు ఎక్కువ లేవు, మెచ్చుకోవాలి. కానీ మేం దించుకున్న ఫైలు వట్టి బైనరీ. లోపల 135 నిలువు వరసలు, 129 అడ్డం వరసల గడుల అంకెలు తప్ప ఇంకేమీ ఉండదు. ఏ యూనిట్, ఎక్కడ మొదలు, లేని గడికి ఏం రాశారు, ఏదీ ఫైలు చెప్పదు. పక్కనున్న కాగితం చదువుకోవాలి. అదే నెట్‌సీడీఎఫ్ ఫైలైతే ఆ వివరాలన్నీ కడుపులోనే మోస్తుంది, కాగితం పోయినా ఫైలు బతుకుతుంది. మార్చుకోవడానికి పైథాన్ లైబ్రరీలు ఉన్నాయి కాబట్టి గంటలో పని అయింది.

తర్వాత 2020 అక్టోబరు వరద తీశాం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్టోబరు 13 సాయంత్రం పట్టుకొని రాత్రంతా కురిసింది. ఐమెర్గ్ రోజువారీ ఫైలులో ఆ వాన 13వ తేదీన ఉంది. వాతావరణ శాఖ ఫైలులో 14న ఉంది. రెండూ కరెక్టే. మన శాఖ రోజు పొద్దున 8:30కి ముగుస్తుంది, ముందురోజు 8:30 నుంచి పడిందంతా ఈ రోజు ఖాతాలోకి వస్తుంది. ఐమెర్గ్ రోజు యూటీసీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి, అంటే మనకు పొద్దున 5:30 నుంచి 5:30కి. ఈ సంగతి తెలియక రెండింటినీ తేదీ పక్కన తేదీ పెట్టి పోల్చినవాడికి ఉపగ్రహం పనికిమాలినదిగా కనిపిస్తుంది. అట్లా పోల్చిన సెమినార్ ప్రజెంటేషన్లు నేను కూర్చొని చూశాను, ఎక్కడని అడగొద్దు.

ఐమెర్గ్ అరగంట ఫైళ్లు తెచ్చి 03 నుంచి 03 యూటీసీకి కూడితే రోజులు కలిసిపోయాయి. ఈఆర్ఏ5తో ఇంకో చిక్కు. అందులో వాన మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణించాలి. ఇంటర్న్ అమ్మాయి మ్యాప్ గీస్తే దేశమంతా ఎడారి రంగులో వచ్చింది. “అన్నా, చిరపుంజిలో కూడా వాన లేదట” అంది.

నెట్‌సీడీఎఫ్‌లో దీనికి మందుంది. ఒక్కో విలువ ఏ క్షణం నుంచి ఏ క్షణం దాకా కూడిందో ‘టైమ్ బౌండ్స్’ అనే చోట రాయమని ఇట్లాంటి వాతావరణ ఫైళ్లకు పెట్టుకున్న సీఎఫ్ నియమావళి చెబుతుంది. చాలామంది రాయరు. తేదీ ఒక్కటి వేసి ఊరుకుంటారు. దేశాల మధ్య డేటా కలపడమంటే పెద్ద పోర్టల్ కట్టడమని అందరూ అనుకుంటారు. నన్నడిగితే పోర్టల్ డబ్బులో కొంత తీసి, ఈ రెండు అంకెలు నింపే మనిషికి జీతమివ్వాలి.

ఆగస్టు చివర

రిజిస్టర్లు దాచిన ఆఫీసుకు వెళ్లాం. అంకెలు బయట పెట్టడానికి ఒప్పుకున్నారు. పేజీల బొమ్మలు మాత్రం ఇప్పుడే వద్దన్నారు, ఫైలు పైకి పంపాలట. జర్మనీ వాళ్లకు ఇది మింగుడు పడలేదు. బొమ్మ లేకపోతే అంకెను ఎవరు సరిచూస్తారని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఆఫీసు వాళ్ల భయం కూడా అన్యాయమైనది కాదు. ఇదివరకు ఎవరో వచ్చి ఫోటోలు తీసుకుపోయారట, తర్వాత ఉత్తరానికి జవాబు కూడా లేదట.

సిద్ధాంతాలకు కరువు లేదు. 2009లో పుట్టిన బెల్మాంట్ ఫోరమ్ పర్యావరణ మార్పు పరిశోధనకు నిధులిచ్చే సంస్థల గుంపు, మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కూడా అందులో ఉంది. 2015లో వాళ్లొక డేటా విధానం పెట్టుకున్నారు: డేటా వెతికితే దొరకాలి, మామూలుగా అందరికీ తెరిచి ఉండాలి, పోకుండా నమ్మకమైన చోట ఉండాలి, ఆ శాస్త్రం చదవని పరిశోధకులకు కూడా అర్థం కావాలి. చివరిదాన్ని అన్నిటికన్నా తక్కువ మంది పట్టించుకుంటారు. 2016లో డేటా వెతికితే దొరికేలా, మళ్లీ వాడుకునేలా ఉండాలనే ‘ఫెయిర్’ సూత్రాలొచ్చాయి. వాటిలో డేటా ఎవరిదో వాళ్లకేం మిగులుతుందో లేదని 2019లో ఆదివాసీ సమాజాల తరఫున ‘కేర్’ సూత్రాలొచ్చాయి. ప్రపంచ వాతావరణ సంస్థ 1995 నాటి డేటా తీర్మానాన్ని పక్కనపెట్టి 2021లో కొత్త విధానం చేసుకుంది. ఇవన్నీ మంచివే. అయితే ఆఫీసులో సూపరింటెండెంటు గారి బల్ల ముందు కూర్చున్నప్పుడు వీటిలో ఒక్కటీ పనికిరాలేదు. ఆయన అడిగింది ఒకటే: “మా ఆఫీసు పేరు ఎక్కడ రాస్తారు?”

చూపించాం. ఫైలు పైన ‘సోర్స్’ గడిలో, డేటాను దాచిపెట్టే రిపాజిటరీ పేజీలో, డేటాను ఎట్లా పేర్కొనాలో చెప్పే వరసలో. అంకెలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెట్టాం, ఎవరైనా వాడుకోవచ్చు కానీ పేరు చెప్పాలి. బొమ్మల కోసం ఫైలు పైకి పోయింది. ఈలోపు ప్రతి అంకె పక్కనా కట్ట నంబరు, పేజీ నంబరు వేస్తున్నాం, ఎవరికైనా అవసరమైతే వచ్చి చూసుకోవచ్చు.

సాబ్ పేరు కూడా వేశాం. డేటాకు వివరాలు రాసే డేటాసైట్ పద్ధతిలో డేటా సేకరించినవాళ్లకు, సరిచూసినవాళ్లకు వేరే వేరే పాత్రలున్నాయి, రచయితల లిస్టులో మాత్రమే పేరుండాలని ఏమీ లేదు. చెబితే సాబ్ పెద్దగా పట్టించుకోలేదు. చాయ్ తాగి వెళ్తూ వెళ్తూ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, అమెరికాలో ఉన్న మనవడు ఫోన్లో తెరిస్తే అది కనిపిస్తుందా అని అడిగారు.

సెప్టెంబరు, మొదటి వారం

గేజీ గురించి ఒక మాట. ఇప్పటి వాన డేటా ఇస్తున్న ఒక స్కూలు లెక్కలు చుట్టుపక్కల స్టేషన్లకు సరిగ్గా సగం వస్తున్నాయి. వెళ్లి చూస్తే గేజీ మూతి 100 చదరపు సెంటీమీటర్లది, పక్కనున్న కొలత గ్లాసు 200ది. ఎప్పుడో గ్లాసు పగిలితే దొరికింది తెచ్చి పెట్టారట. మాస్టారుకు చెప్పగానే పాత నోటుబుక్ తీసి ఏ తేదీన గ్లాసు మారిందో చూపించారు. అట్లాంటి నోటుబుక్ రాసేవాళ్లుంటే డేటాకు సగం రోగాలు రావు.

సెప్టెంబరు, మూడో వారం

నాణ్యత పరీక్షల దగ్గర గట్టిగానే వాదించుకున్నాం. జర్మనీ వాళ్ల ప్రోగ్రాం ఆ స్టేషన్‌లో మామూలుగా పడేదానికి మరీ మించిపోయిన విలువ కనిపిస్తే దాన్ని తీసేస్తుంది. యూరప్ మైదానాలకు అది సరిపోతుందేమో. మూసీ వరద మీద విశ్వేశ్వరయ్య ఇచ్చిన నివేదికలో శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 ఇంచీలు, 48 గంటల్లో 18.9 ఇంచీలు పడ్డట్టు ఉంది. మిల్లీమీటర్లలో 325, 480. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది ఆ వాన చూసే. ఆ అంకెను పరీక్షకు పెడితే ప్రోగ్రాం నిమిషంలో చెత్తబుట్టలో వేసింది. ఈ ఉదాహరణ చూపించాక వాదన ఎక్కువసేపు సాగలేదు.

మేం అడిగింది ఆర్గో పద్ధతి. సముద్రాల్లో తేలుతూ మునుగుతూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే దాదాపు నాలుగు వేల ఫ్లోట్ల అంతర్జాతీయ ఏర్పాటు అది. హిందూ మహాసముద్రం వైపు డేటా చూసుకునే కేంద్రం మన ప్రగతినగర్ దగ్గరి ఇన్‌కాయిస్‌లోనే ఉంది. ఏ దేశం ఫ్లోటు డేటా అయినా ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్, అమెరికాలోని మాంటెరే, ఈ రెండు చోట్లా ఒకే రూపంలో దొరుకుతుంది. ఆర్గో ఫైలులో కొలిచిన అంకె ఒక వరసలో, సరిదిద్దిన అంకె ఇంకో వరసలో, దాని మీద ఎంత నమ్మకమో చెప్పే ఫ్లాగ్ మూడో వరసలో ఉంటాయి. అసలు అంకెను ఎవరూ చెరపరు. ఏళ్ల తర్వాత సెన్సార్ లోపం బయటపడినా వెనక్కి వెళ్లి మళ్లీ సరిదిద్దుకునే వీలుంది.

మాకూ అదే కావాలన్నాం, ఒప్పుకున్నారు. మించిపోయిన విలువకు ఫ్లాగ్ పడుతుంది, విలువ ఉంటుంది.

ఆ రోజు బేగంపేట మీదుగా వస్తూ నిజామియా అబ్జర్వేటరీ గుర్తొచ్చింది. 1887లో పారిస్‌లో కూర్చొని వేసిన పథకం ప్రకారం ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నారు, ఒక్కో అబ్జర్వేటరీ ఒక్కో పట్టీని ఫోటోలు తీసి నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేయాలని. చిలీలోని శాంటియాగో వాళ్లు చెయ్యలేక వదిలేసిన పట్టీని, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాద్ నెత్తిన వేసుకుంది. ఏళ్ల తరబడి ప్లేట్లు తీసి, కొలిచి, సంపుటాలు అచ్చువేశారు. మొత్తం పథకంలో ఆకాశపటం భాగం ఎన్నటికీ పూర్తికాలేదు. కానీ ఆ కొలతల పట్టిక బతికింది. హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలతో దాన్ని పోల్చి, 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో ఇరవై అయిదు లక్షల నక్షత్రాల కదలికలు తేల్చారు. బేగంపేటలో ప్లేటు మీద అంకె రాసుకున్నవాళ్లకు ఉపగ్రహం సంగతి తెలిసే అవకాశమే లేదు. ఏ ప్లేటు, ఏ రోజు, ఎట్లా కొలిచాం అన్నది మాత్రం రాసిపెట్టారు.

అక్టోబరు, రెండో వారం

మొదటి వెర్షన్ రిపాజిటరీలోకి ఎక్కింది. జెనోడోలో పెట్టాం. యూరప్ సెర్న్ వాళ్లు నడిపేది, డబ్బు అడగదు, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు ఇస్తుంది, తర్వాతి వెర్షన్ పెట్టినా పాతది చెరిగిపోదు. పోర్టల్ కట్టాలన్న ముచ్చట జర్మనీ వైపు ఇంకా ఉంది. వచ్చే ఏడాది చూద్దామన్నాం.

క్యాలెండర్ కోడ్‌లో పాగుమే నెల ఆరో రోజు దగ్గర ఒక పరీక్ష ఫెయిలవుతోంది, అడిస్ అబాబా వాళ్లు చూస్తున్నారు. బొటనవేలు పడిన పేజీ మళ్లీ తీయమని ఆఫీసుకు ఉత్తరం పెట్టాం. కొత్త కట్ట చెరువుల రిజిస్టర్లది, ఇంగ్లీషులో ఉంది, ఇంచీలే. ఏ చెరువో పేరుంది గానీ అట్లాంటి పేరున్న చెరువులు ఆ చుట్టుపక్కల మూడున్నాయి. తేలేదాకా అక్షాంశం, రేఖాంశం, ఎత్తు మూడు గడుల్లోనూ ‘ఎన్ఏ’ వేసి ఉంచాం. శనివారం ఇంటర్న్ అమ్మాయి, నేను బండి వేసుకొని ఆ ఊళ్లు తిరిగొస్తాం, పాత తూము మీద ఏమైనా రాసి ఉందేమో చూడాలి.